గడప బల్ల సాయిబు

“తుడిచెయ్యప్పా, నీకు దండం ఎడతాను.”

“తుడవను. నా గడప, నా పసుపు. మజ్జిలో నీకేటి?”

“గడప కాదిది, బల్ల. నా కొట్టు ముందరున్న బల్ల.”

“బల్లయ్యింది నిన్న గాక మొన్న. నాను కాపరానికొచ్చిన కాడ్నించి నా గుమ్మంలో గడపే.”

“సరే, గడపే. పసుపు రాసి బొట్టెట్టేక రేపట్నించి దీని మీద ఎవుడు కూకుంటాడు, నువ్వే సెప్పు?”

“కూకోకపోతే మానీ. లారీ ఎత్తుకుపోకుండా ఉంటాది కదా.”

“ఎవుడూ కూకోని బల్ల నాకెందుకప్పా?”

“ఎత్తుకుపోయిన బల్ల మాత్రం నీకెందుకు తమ్ముడూ?”

పూర్ణా మార్కెట్ వెనక సందులో, పాత కలప సామాన్ల కొట్టు ముందు, సాయంత్రం పూట, నలుగురూ చూస్తుండగా, నేనూ, నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచే ఆ కొట్టు సాయిబూ ఇలా తగువులాడుకున్నాం. నా చేతిలో పసుపు గిన్నె, ఆయన చేతిలో తడిగుడ్డ. మర్నాడు పొద్దున్న రోడ్డు పక్క అడ్డాలు ఎత్తేసే లారీ మా సందుకి వస్తుందని టీ కొట్టతను కబురు చెప్పాడు. ఎవరో పెద్దవాళ్ళు ఊరికి వస్తున్నారట. గోడలకి రంగులేస్తున్నారు, ఫుట్‌పాత్ మీద ఏది కనిపిస్తే అది ఎత్తేస్తున్నారు. లారీ దేన్నైనా ఎత్తుతుంది గానీ పసుపు రాసినదాన్ని ఎత్తదని ఈ ఊళ్ళో పుట్టిన కోడిపిల్లకి కూడా తెలుసు. అందుకే ఇంట్లోంచి పసుపు, కుంకం, నిన్నటి బంతిపూలు పట్టుకొచ్చాను. దేవుడికైతే తాజావి కావాలి. లారీకి నిన్నటివి చాలు.

“నా గడపకి పసుపు రాసుకునే హక్కు నాకు నేదా?” అన్నాను ఆఖరికి.

ఆయన చేతిలో తడిగుడ్డ అలాగే ఆగిపోయింది. హక్కు అన్న మాట ఎవరి నోట వచ్చినా అంతే, బ్రేకు వేసిన బస్సులా నిలబడిపోతాడు. టోపీ తీసి, బట్టతల గోక్కుని, మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు.

“ఉంది,” అన్నాడు. “ఉందప్పా. అదే వచ్చింది సిక్కు.”

ఆ మనిషి మొన్న వానాకాలంలో పోయాడు. కొడుకులు కొట్టు అద్దెకిచ్చేశారు. ఇప్పుడక్కడ ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. ఈమధ్య ఆ దారినే వస్తూ, మోకాళ్ళు పట్టేసి, కూర్చోడానికి ఏమైనా ఉందేమోనని అటు చూశాను. ఏమీ లేదు. నిలబడే ఆయన్ని తలుచుకున్నాను. నిలబడి తలుచుకున్నానంటే ఆయనకి నచ్చదు.

సందులో అందరూ ఆయన్ని హక్కుల సాయిబు అనేవారు. ఎదురుగా అంటే మురిసిపోయేవాడు. “ఎనకాల ఎక్కిరింతకి అంటన్నారు తమ్ముడూ,” అని నేను చెబితే, “ఎక్కిరించే హక్కు కూడా ఉంటాదప్పా,” అనేవాడు. ఇలాంటి మనిషికి ఏం చెప్పి ఏం లాభం?

నలిగిన తెల్ల లాల్చీ, దాని నిండా రంపపు పొట్టు, చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలుతో ఒక్క కొలత రాయగా నేను చూడలేదు. మాట్లాడేటప్పుడు దాన్ని తీసి గాల్లో గీతలు గీసేవాడు. గాల్లో గీసిన గీత చెరిపెయ్యక్కర్లేదు, పెన్సిలు అరగదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన పొదుపు నాకు నచ్చేది.

ఆయన చెప్పే సంగతి ఎప్పుడూ ఒకటే. మనిషికి మొదటి హక్కు తిండి కాదట, మాట కాదట, కూర్చోవడమట.

“నిలబెట్టి అడిగితే ఎవుడైనా తప్పొప్పుకుంటాడప్పా. కూకోబెట్టి అడగమను, సూద్దాం!”

ఇది ఆయనకెలా తెలిసిందంటే, పడుచువయసులో ఒకసారి పోలీసులు పట్టుకెళ్ళి రోజంతా నిలబెట్టారట. ఎందుకు పట్టుకెళ్ళారు అంటే ఒకసారి సముద్రం గట్టు మీద ఊరికే కూర్చున్నాను అనేవాడు. ఇంకోసారి అది రైల్వే స్టేషను మెట్లయ్యేది. ఒకసారి జెట్టీ దగ్గర తాడు కట్టే గుంజ మీద కూర్చున్నట్టు కూడా చెప్పాడు. చోటు మారేది, ఎండ మారేది, కానిస్టేబులు మీసం మారేది. ఆ గదిలో కుర్చీ లేదన్నది మాత్రం ఎప్పుడూ మారలేదు. అందుకే ఆ కథ నిజమేనని నేను నమ్మాను.

ఏ ఆఫీసుకి వెళ్ళినా చంకలో మడతస్టూలు పెట్టుకుని వెళ్ళేవాడు. నాకు పింఛనుకి వేలిముద్ర పడటం మానేసినప్పుడు నాకూ తోడొచ్చాడు. గిన్నెలు తోమీ తోమీ వేలి మీద గీతలు అరిగిపోయాయి, నేనేం చెయ్యను? ఆ ఆఫీసులో గుమాస్తాకి ఒక కుర్చీ, దాని మీద ఒక తువ్వాలు. మిగతా జనమంతా గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఈయన టక్కుమని స్టూలు విప్పి, సరిగ్గా గుమాస్తా బల్ల ముందర వేసి, నన్ను కూర్చోబెట్టాడు.

“ఎవరు కూర్చోమన్నారు?” అన్నాడు గుమాస్తా.

“నిలబడమని ఎవురైనా అన్నారా బాబూ?”

“ఇక్కడ కూర్చోకూడదు.”

“అలాగని ఎక్కడ రాసుంది?”

గుమాస్తా నిజంగానే గోడల వైపు చూశాడు. ఉమ్మరాదు అని ఉంది. పొగతాగరాదు అని ఉంది. గట్టిగా మాట్లాడరాదు అని కూడా ఉంది. కూర్చోరాదు అని లేదు.

“సూసారా, రాయడం మర్సిపోయారు! ఆలకి గుర్తొచ్చే లోపల బేగి కూకోండి,” అని జనానికి పిలుపిచ్చాడు ఈయన. గోడకి ఆనుకున్నవాళ్ళలో సగం మంది నేలమీద చతికిలబడ్డారు. గుమాస్తాకి ఒళ్ళు మండి, ఆ పూటకి మిషను పనిచెయ్యడం లేదన్నాడు. మళ్ళీ నేనొక్కదాన్నీ వెళ్ళి, నిలబడి, పని చేయించుకొచ్చాను. గోడకి కొత్త బోర్డు తగిలించి ఉంది, కూర్చోరాదు అని.

వచ్చి చెబితే ఈయన బాధపడతాడనుకున్నాను. “మంచి అక్షరాలతోనే రాయించారా?” అని అడిగాడు.

ఇక ఆ కొట్టులో సామాన్ల సంగతి. కుర్చీలూ బల్లలూ గీయడానికి కూడా కాలేజీలో చదువుందట. ఆ పిల్లలు వచ్చి ఈయన్ని పట్టుకున్నారు. పోర్టులో సరుకు కింద వేసే చెక్కలు, యారాడ వైపు విరిగిపోయిన పడవల పలకలు, కూర్మన్నపాలెం క్వార్టర్లలో మార్చేసిన తలుపులు, ఇవన్నీ ఈయన కొనేవాడు. వాళ్ళు గీసేవారు, వడ్రంగి చేసేవాడు. చేసినదానికి ఒక అట్టముక్క కట్టేవారు. ‘నేను ఒకప్పుడు పడవని’ అని ఉండేది దాని మీద. మా ఇంట్లో అయితే ఆ పడవ నీళ్ళకాగు కిందకి పోయేది. ఏం అనుకునేదో రాయడానికి దానికి వ్యవధి ఉండేది కాదు.

ఒక కుర్చీకి వీపు ముందుకి వంగి ఉండేది. ఎందుకర్రా అంటే, కూర్చున్న మనిషి ఆలోచనలో పడాలని అన్నాడు దాన్ని గీసినవాడు. నేను ఒక నిమిషం కూర్చుని ఆలోచనలో పడ్డాను, లేవడం ఎలాగా అని. బీచిరోడ్డు ఫ్లాట్ల నుంచి కార్లలో ఆడవాళ్ళు వచ్చేవారు. మా రోజుల్లో మేకు కన్నాలు పూడ్చమని పేచీ పెట్టేవాళ్ళం. వీళ్ళు కన్నాలు తక్కువున్నాయని పేచీ పెట్టేవారు. చెద తిన్న చెక్కకి ముచ్చటపడేవారు. మా వీధిలో చెదలకి ఈ సంగతి తెలిస్తే కూలి అడుగుతాయి.

ఈ సామాన్లు వచ్చాక కొట్టులో ప్రతి కుర్చీ మీదా ఇంకో అట్టముక్క వెలిసింది, ‘దయచేసి కూర్చోకండి’ అని. పిల్లలే పెట్టారు, నలిగిపోతాయని. ఒకరోజు సంచీతో వెళ్ళి, ఎక్కడ కూర్చుందామన్నా అదే అట్ట ఎదురైంది.

“ఏటి తమ్ముడూ! ఊరందరికీ కూకునే హక్కట, నీ కొట్లో తప్ప!” అన్నాను.

కొట్టులో ఉన్న కొనుగోలుదార్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. మొహం చిన్నబోయింది. పెన్సిలు చెవి మీంచి తీశాడు గానీ గాల్లో ఏమీ గీయలేదు. మర్నాడు ఆ పిల్లల్ని పిలిపించి, కొట్టు ముందర ఒక బల్ల వెయ్యాలన్నాడు. అమ్మకానికి కాదు, అట్టముక్క కట్టడానికి కాదు, దారిన పోయే ఎవరైనా, ఏ పనీ లేకపోయినా, ఎవరూ ఎందుకని అడగకుండా కూర్చోడానికి.

బల్ల తయారయింది. మంచి బల్ల, నలుగురు పడతారు. నేను చూడ్డానికి వెళ్ళి, దగ్గరికి వంగి, అలాగే ఉండిపోయాను. పలక మూల మీద చేప బొమ్మ ఉంది. మా పెద్దాడు చిన్నప్పుడు మేకుతో గీసి, నా చేత దెబ్బలు తిన్న చేప. మేం పాత ఇల్లు తీసి స్లాబు వేసినప్పుడు తలుపులూ గుమ్మాలూ ఈయనకే ఇచ్చేశాం. అందులో వీధిగుమ్మం గడప ఇది.

బల్ల గీసిన పిల్ల పక్కనే నిలబడి ఉంది. జుట్టు కత్తిరించుకుని, చెవికి నాలుగు పోగులు పెట్టుకున్న గుంట.

“ఈ పసుపు వన్నె చూశారా మామ్మగారూ? చెక్కకి వయసొస్తే వస్తుంది. కాలం వేసిన రంగు. పోకుండా పైన వార్నీషు వేశాం,” అంది.

“కాలం కాదే తల్లీ, నాను. పెతీ సుక్కురారం.”

ఆ పిల్లకి అర్థం కాలేదు. తప్పు దానిది కాదు. అపార్టుమెంటులో పుట్టింది. ఆ ఇళ్ళలో గడపకి పసుపు పెయింటు డబ్బాలోంచి వస్తుంది. విడమరిచి చెప్పాక గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్నాళ్ళూ దాన్ని చిత్రిక పట్టి, నునుపు చేసి, మీద కూర్చుని అన్నం కూడా తిన్నదట.

“ఇప్పుడేం చేద్దాం సార్?” అని సాయిబుని అడిగింది.

“ఏటి సేత్తాం? కూకుంటాం,” అన్నాడాయన.

మగాళ్ళు కూర్చున్నారు. మగాళ్ళు ఎక్కడైనా కూర్చుంటారు. మూటలు మోసే కలాసీలు, ఆటోవాళ్ళు, పేపరు చదివే ముసలాళ్ళు, అందరికీ ఆ బల్లే. మార్కెట్టుకొచ్చే ఆడవాళ్ళు మాత్రం దగ్గరికొచ్చి, వార్నీషు కింద పసుపు చూసి, వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుని, గంప దించి, బల్ల పక్కన నేలమీద కూర్చునేవారు. గడప మీద ఎవరు కూర్చుంటారు? బల్లెందుకు వేశాడో ఆ పని తప్ప అన్నీ జరిగేవి దాని దగ్గర.

ఆయన బయటికొచ్చి వాళ్ళకి చెప్పేవాడు. గడప గుమ్మంలో ఉంటేనే గడప అనేవాడు. ఎక్కడ కూర్చోవాలో మనిషి ఇష్టమని రాజ్యాంగంలో ఉందనేవాడు. యారాడ నుంచి చేపల గంపతో వచ్చే ఒకావిడ అంతా విని, “రాజ్యాంగం మంచిదే బాబూ,” అంది. “గాని లచ్చిందేవి సదూకోనేదు కదా.”

నేనూ కూర్చోలేదు. మోకాళ్ళు ఎంత పీకినా కొట్టు మెట్టు మీద కూర్చునేదాన్ని, బల్లకి బెత్తెడు దూరంలో. అది ఆయనకి ముల్లులా ఉండేది. “ఊరికంతటికీ బల్లేసేను. ఏ మనిషి మాటకి ఏసేనో ఆ మనిషిని కూకోబెట్టలేకపోతన్నాను,” అనేవాడు. “సచ్చేలోపల ఒక్కసారి కూకోప్పా.” “ఎవుడు సచ్చేలోపల?” అనేదాన్ని. కూర్చునేదాన్ని కాదు.

అలాంటి బల్లని లారీ ఎత్తుకుపోతుందంటే నాకు మాత్రం ఉసూరుమనదా? పసుపు గిన్నె పట్టుకుని పరిగెత్తింది అందుకే. నేను రాస్తున్నంతసేపూ ఆయన తడిగుడ్డ పట్టుకుని బల్లకి ఆ చివర్నించి ఈ చివరికి తిరిగాడు.

“పసుపు సూసి ఒగ్గేత్తే అది హక్కు కాదప్పా, బయ్యం. బయ్యంతో మిగిలిన బల్ల మీద కూకుంటే ఏటి, నిలబడితే ఏటి?”

“ముందు మిగలనీ. తరవాత కూకుందురు గాని.”

“తరవాతుండదు. రేపు దీనికి రేకు పందిరొస్తాది. ఎల్లుండి హుండీ వొస్తాది. ఆ పైన నా కొట్టు గుడికి అడ్డవంటారు. నాను సాయిబునప్పా.”

ఈ చివరి మాట నెమ్మదిగా అన్నాడు. పెన్సిలు చెవి మీదే ఉంది.

“రాసింది నానేనని సెప్పు,” అన్నాను. “నా పేరు సెప్పు. అడిగినోడిని నా దగ్గరికి పంపు.”

“తుడిత్తే నీ హక్కు పోతాది. తుడవకపోతే కూకునేవోళ్ళది పోతాది,” అన్నాడు. “ఇన్నేళ్ళూ పోలీసోడితో తగువు, గుమాస్తాతో తగువు. ఒక హక్కుతో ఇంకో హక్కుకి తగువొస్తే ఏటి సెయ్యాలో నాకెవుడూ సెప్పనేదు.”

తడిగుడ్డని బల్ల చివర పెట్టి, షట్టరు దించి, వెళ్ళిపోయాడు. నేను మిగిలిన బంతిపువ్వు కూడా పెట్టేసి ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్న కూరల సంచీతో వెళ్ళాను. పసుపు ఉన్నట్టే ఉంది. తడిగుడ్డ పెట్టినచోటే ఎండిపోయి అట్టకట్టింది. ఆయన కొట్టు తెరిచి, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. యారాడావిడ, ఆకుకూరలావిడ అప్పటికే నేలమీద సర్దుకున్నారు.

లారీ వచ్చింది. టీ కొట్టు ముందున్న రేకుబల్ల ఎత్తారు. చెప్పులు కుట్టే అతని గొడుగు ఎత్తారు. వాళ్ళ పైవాడు, నా మనవడి ఈడు కుర్రాడు, మా బల్ల దగ్గరికొచ్చి, పసుపు చూసి, చెప్పులు విప్పాడు.

“ఇది గుడా, బల్లా?” అన్నాడు.

గుడి అంటే చాలు, అయిపోయేది. నేను సాయిబు వైపు చూసి కళ్ళతో చెప్పాను.

“బల్ల,” అన్నాడు సాయిబు.

“మరి పసుపేటి?”

“అది ఆవిడ హక్కు.”

కుర్రాడు కూలీల వైపు చూశాడు. కూలీలు ఆకాశం వైపు చూశారు. ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. “పసుపుందంటే గుడే. మనకెందుకొచ్చిన గొడవ?” అని తీర్పు చెప్పేసి, లారీలోంచి తాడు తెప్పించి, బల్ల చుట్టూ నాలుగు కర్రలు పాతించి కట్టించాడు. కట్టించి, వేలు చూపించి గట్టిగా చెప్పాడు. “ఇకమీదట దీని మీద ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే కేసు రాస్తాం.”

బల్ల మిగిలింది. నేను అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. సంతోషించి ఇంటికి పోవాలి.

కానీ గడప మీద కూర్చోకూడదని నాకు మా అత్త చెప్పింది. నా కోడలికి నేను చెప్పాను. అది మా ఇంటి మాట. లారీ మీద వచ్చిన కుర్రాడు చెప్పడమేమిటి, కేసు రాయడమేమిటి? నా గడపకి వాడేమవుతాడు?

తాడు పైకెత్తి, కిందనుంచి దూరి, చేప బొమ్మ పక్కన కూర్చున్నాను.

“మామ్మా, లెగు లెగు! దేవుడి మీద కూకుంటావేటి?”

“దేవుడేటి బాబూ? బల్ల. ఆయన సెప్పేడు కదా.”

“బల్లయితే ఎత్తేత్తాం మరి.”

“ఎత్తు. నాను లెగిసేక.”

“ఎప్పుడు లెగుత్తావు?”

“మోకాళ్ళు ఒప్పుకున్నప్పుడు.”

యారాడావిడ గంప మీద గోనె కప్పి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆకుకూరలావిడ ఆవిడ పక్కన కూర్చుంది. కూలీలు టీ తాగడానికి పోయారు. కుర్రాడు చెప్పులు తొడుక్కుని, ఫోనులో ఎవరికో చెబుతూ అటూ ఇటూ తిరిగాడు. సాయిబు గుమ్మంలోంచి కదల్లేదు. మేం ముగ్గురం కూర్చున్నాం.

సందులోకి ఎండ వచ్చింది. చేపలు పాడైపోతాయని యారాడావిడ లేచింది. వంట వేళవుతోందని నేనూ లేచాను. నా చీర వెనకంతా పసుపు. ముగ్గురు కూర్చుని లేచినది ఇంక గుడెలా అవుతుంది? కూలీలు వచ్చి, తాడు విప్పి, బల్లని లారీ ఎక్కించారు. లారీ వెళ్ళిపోయింది.

సాయిబు లోపల్నించి మడతస్టూలు తెచ్చాడు. బల్ల కాళ్ళ గుర్తులున్నచోట దాన్ని విప్పి వేసి, భుజమ్మీది తువ్వాలుతో దులిపి, “కూకోప్పా,” అన్నాడు.

కూర్చున్నాను. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన పక్కన నిలబడ్డాడు.